అత్తగారికి నిద్ర పట్టని మధ్యాహ్నం

ఆ ఇంటి కోడలికి నత్తి. పాలవాడితో రెండు ముక్కలు చెప్పాలన్నా మొదటి అక్షరం దగ్గరే పెదవులు బిగుసుకుపోతాయి. అదే పడకగది గోడలో ఉన్న బట్టల అలమరలోకి దూరి, తలుపు దగ్గరికి లాక్కుందంటే చాలు, మాట ఎక్కడా తట్టుకోకుండా సాగిపోతుంది. ఎందుకలాగో ఆమెకే తెలియదు. ఉతికిన దుప్పట్ల వాసన, చెవులకు తగిలే బట్టల అంచులు, మోకాళ్ళ మీద చిన్న దీపం, ముందు మైకు. అక్కడ కూర్చుని ఎవరెవరివో కథలు చదివి, ఆన్‌లైన్‌లో పంపి నాలుగు రాళ్ళు సంపాదిస్తుంది.

అలమర బయట మంచం మీద అత్తగారు. ఆవిడ పనల్లా కథ వింటూ నిద్రపోవడం. చదువు బాగా కుదిరిందంటే ఇట్టే గురక అందుకుంటుంది. దాంతో రికార్డింగు పాడైపోతుంది. అయినా ఆ గురకే కోడలికి మొదటి మెప్పు.

ఇంతలో కొత్త క్లయింటు ఒకడు తగిలాడు. చాలా పెద్ద కంపెనీ అన్నాడు. ఏళ్ళ తరబడి పని ఉంటుందన్నాడు. ఇలాంటి గొంతు పుట్టి బుద్ధెరిగాక వినలేదన్నాడు. చిన్నప్పటినుంచీ నోరు విప్పితే నవ్వులే విన్న మనిషిని ములగచెట్టెక్కించడం ఎంతసేపు? మామూలుగా ఎవరికి శాంపిల్ పంపినా, వాళ్ళు డబ్బివ్వకుండా ఊరికే వాడుకోకుండా వెనకాల గడియారం చప్పుడు సన్నగా కలిపి పంపే మనిషి. ఈ క్లయింటు ఏ చప్పుడూ కలపకుండా కావాలంటే సరేనంది.

ఆ మధ్యాహ్నం అలమర సందులోంచి ఎండ సన్నగా లోపలికి జారుతోంది. ఆమె వాడు పంపిన మాటలు చదువుతోంది. అవును. కాదు. నేనే మాట్లాడుతున్నాను. నాకు సమ్మతమే. అవే మాటలు ఒకసారి కోపంగా, ఒకసారి ఏడుస్తూ. చదువుతూ చదువుతూనే కళ్ళు మూతపడ్డాయి. ఆ మగతలో ఎక్కడో ఒక ఆడమనిషి, అచ్చం తన గొంతుతో, ఎవరికో ఫోనులో సమ్మతమే అంటోంది. అది నేను కాదని చెప్పబోయింది. నోరు పెగల్లేదు.

బయట దగ్గు వినిపించింది. ఉలిక్కిపడి తలుపు తీసింది. అత్తగారు పైకప్పు చూస్తూ పడుకుని ఉంది.

"నిద్ర పట్టి చావట్లేదే. ఇదేం కథ? తలా తోకా లేదు. ఎవరు ఎవరితో అంటున్నారీ మాటలు?"

"క... కథ లేదత్తయ్యా."

"కథ లేకుండా నీ గొంతుతో వాళ్ళకేం పని?"

ముందే అడగాల్సిన మాట అది. ఇది ఏ పుస్తకానికి, ఎవరు వింటారు అని అప్పుడు క్లయింటుకి రాసి అడిగింది. పుస్తకంతో మీకేం పని, మాకు మీ గొంతు చాలు, మొత్తం ఇవాళే పంపండి, లేదంటే అవతల చాలామంది కాచుకుని ఉన్నారని జవాబొచ్చింది. ఈ ముక్కలన్నీ అతికించి కంప్యూటరు చేత తన గొంతుతో ఎవరికి ఏ మాటైనా చెప్పించొచ్చని చదవగానే తట్టింది. మగతలో విన్న గొంతు మళ్ళీ చెవిలో పలికింది. ఇన్నేళ్ళు చీకట్లో కూర్చుని, ఒక్కో మాటా కూడదీసుకుని తెచ్చుకున్న గొంతు! అదీ పోతే ఇక తనకంటూ ఏం మిగులుతుంది?

చదివినదంతా చెరిపేసింది. అలమరలోకి మాత్రం వెళ్ళలేదు. గది మధ్యలో నిలబడి ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"కు... కు... కుదరదండీ. నా గొ... గొంతు నేనివ్వను."

మళ్ళీ వినలేదు, దిద్దలేదు, అలాగే పంపేసింది. ఆ నత్తి మాటలు వాడికి ఎందుకూ కొరగావు. తన నత్తిని చూసి ఆమె గర్వపడడం అదే మొదటిసారి.

తర్వాత నిన్న సగంలో ఆపిన కథ తీసి అలమరలో కూర్చుంది. తలుపు వేసుకోలేదు. కొంత చదివాక ఒకచోట మాట పట్టేసింది. ఆగింది, మళ్ళీ అందుకుంది. అప్పటికే మంచం మీద గురక మొదలైంది.