సీటు దొరికిన ఊరు

ఆ వీధిలో ఆమెను అందరూ విమానం అక్క అనేవాళ్లు. ఆసుపత్రుల్లో స్కానింగ్ మిషన్లు పాడైతే బాగుచేసే ఇంజినీరు ఆమె. ఏ ఊళ్లో మిషన్ మొరాయించినా కంపెనీ నుంచి ఫోన్ వచ్చేది. తలుపు పక్కన ఎప్పుడూ సర్దే ఉండే చిన్న పెట్టె పట్టుకుని బయల్దేరేది.

భర్త సోఫాల మేస్త్రి. ఇంటి కింది వాటాలోనే దుకాణం. పొద్దస్తమానం స్పాంజి కోస్తూ, బట్ట బిగిస్తూ, నోట్లో చిన్న మేకులు పెట్టుకునే వచ్చిపోయేవాళ్లతో కబుర్లు చెబుతూ ఉండేవాడు. ఆయన విమానం ఎక్కలేదు. ఎక్కాల్సిన పనీ పడలేదు.

ఊరి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ ఆమె "నడుం పడిపోయింది" అందంటే చాలు, కిందనుంచే అందుకునేవాడు. "నీకేమమ్మా, మహారాణివి! గాల్లో తేలుతూ వెళ్తావు, తేలుతూ వస్తావు. ఇక్కడ నేలమీద మోకాళ్లు అరగదీసుకునేది నేను!"

ఆమె నవ్వేసేది. మొదట్లో ఒకట్రెండుసార్లు చెప్పబోయింది గానీ, విమానమంటే ఆయన బుర్రలో ఓ బొమ్మ పడిపోయింది. దాన్ని చెరపడం తన వల్ల కాదని వదిలేసింది.

ఏళ్ల తరబడి అలా తిరగ్గా తిరగ్గా ఆమె పేరుమీద విమాన కంపెనీ దగ్గర పాయింట్లు పోగుపడ్డాయి. ఆమె వాటిని పట్టించుకున్నదే లేదు. ఈ ఏడాది దాటితే పాతవన్నీ మురిగిపోతాయని ఒకరోజు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. భోజనాల దగ్గర ఆ సంగతి ఎత్తింది.

"వాటికి సామానేమైనా ఇస్తారా? మన మిక్సీ గొంతు చించుకుంటోంది," అన్నాడు మేస్త్రి.

"ఇస్తారు నాన్నా. కానీ అంత దండగ ఇంకోటి లేదు," అంది కూతురు, తల్లి చేతిలో ఫోన్ లాక్కుని చూస్తూ. "వీటితో మీరిద్దరూ బిజినెస్ క్లాసులో ఏదైనా ఊరు వెళ్లిరావచ్చు. కాళ్లు బార్లా చాపుకుని పడుకునే సీట్లు!"

"మీ అమ్మని వెళ్లిరమ్మను. దుకాణం ఎవరు చూస్తారు?"

ఆమె కంచంలోంచి తలెత్తింది. "ఇన్నేళ్లూ ఒక్కదాన్నే వెళ్లొచ్చాను. ఇప్పుడూ ఒక్కదాన్నే వెళ్లాలంటే మురిగిపోనీయండి."

గొంతేమీ పెంచలేదు. పక్కనే అన్నం తింటున్న ఆమె తమ్ముడు కల్పించుకున్నాడు. దుకాణంలో కుట్టుపనంతా అతనే చూస్తాడు. "నేనున్నాగా బావా. కబుర్లు చెప్పే మనిషి లేకపోతే పని తొందరగా తెములుతుంది కూడా."

ఒప్పుకోవడం అయితే అయింది గానీ సీట్లు దొరకడమే గగనమైపోయింది. ఇద్దరికీ సముద్రం చూడాలని ఉంది. రోజూ పొద్దున్నే టీ తాగుతూ ఆమె ఫోన్‌లో వెతికేది. పాయింట్లకి ఇచ్చే సీట్లు ఒక్కో విమానంలో ఏ ఒకటో రెండో. ఒకటి ఉంటే రెండోది ఉండదు. రెండూ ఉంటే ఆమెకి సెలవు ఉండదు.

"పోనీ నువ్వు ముందు కూర్చో, నాకు వెనక తీసుకో. కొత్తవాణ్ని, నాకేం తెలుస్తుంది?" అన్నాడాయన.

"తెలుస్తుంది," అంది ఆమె, ఫోన్‌లోంచి కళ్లు తిప్పకుండానే.

చివరికొక ఆదివారం రెండు సీట్లు పక్కపక్కనే కనిపించాయి. రావడానికీ ఉన్నాయి. అయితే సముద్రానికి కాదు, ఎక్కడో కొండల నడుమ ఉన్న ఓ చలి ఊరికి. ఆ పేరు ఇద్దరిలో ఎవరూ విన్నది కాదు.

"ఇదేం చోద్యమే! ఊరు చూసి సీటు కొంటారు గానీ, సీటు చూసి ఊరు వెతుక్కుంటారా?"

"మీరు ఆలోచించేలోపు ఇవీ ఎగిరిపోతాయి. నొక్కేస్తున్నా," అని నొక్కేసింది.

విమానంలో అడుగుపెట్టగానే మేస్త్రి తన సీటుని బొటనవేలితో అదిమి చూశాడు. వంగి కుట్టు చూశాడు. "రెండు రకాల స్పాంజి కలిపాడు. ఖర్చుకి వెనకాడలేదు," అని మెచ్చుకుని, కొత్త పెళ్లికొడుకులా ఒద్దికగా కూర్చున్నాడు. తీరా చూస్తే రెండు సీట్ల మధ్య అడ్డుగోడ. కూర్చుంటే పక్కమనిషి కనిపించదు.

"ఏమే, ఉన్నావా?" అన్నాడు కాసేపటికి.

"ఎక్కడికి పోతానండీ, గాల్లో!"

విమానం నేల విడిచేటప్పుడు గోడ పక్క సందులోంచి ఒక చెయ్యి ఇటు వచ్చింది. ఆమె పట్టుకుంది. చెమటకి తడిసి ఉంది.

బాగా పైకి వెళ్లాక ఆయనకి ధైర్యం వచ్చింది. తెల్లటి గుడ్డ పరిచి భోజనం పెట్టారు. తిన్నాక లేచి వచ్చి గోడమీద మోచేతులు ఆనించి, "నీకిదంతా అలవాటేగా," అన్నాడు.

"నేనూ ఇక్కడ కూర్చోవడం ఇదే మొదలు. ఎప్పుడూ వెనకే."

"వెనకంటే, దీనికి కాస్త తక్కువగా ఉంటుందేమో."

"రండి, చూపిస్తా."

తెర తప్పించుకుని, వరసలన్నీ దాటుకుంటూ చివరిదాకా తీసుకెళ్లింది. బాత్‌రూముల ముందు వరసలో నడిమి సీటు ఖాళీగా ఉంది. ఒకపక్క నోరు తెరుచుకుని నిద్రపోతున్న భారీ మనిషి, రెండోపక్క ఒళ్లో పసిబిడ్డతో ఒకావిడ. ఆవిణ్ని అడిగి, ఒదిగి ఒదిగి లోపలికి దూరి కూర్చున్నాడు మేస్త్రి. మోకాళ్లు ముందు సీటుకి తగిలాయి. వెనక గోడ ఉండడంతో సీటు వాలలేదు. అలవాటుగా బొటనవేలితో అదిమాడు. స్పాంజి ఎప్పుడో చచ్చిపోయింది, వేలికి రేకు తగిలింది.

"ఇందులోనా?"

"ఎక్కువసార్లు ఇలాంటిదే. కంపెనీవాళ్లు ఆఖరి నిమిషంలో టికెట్ తీస్తారుగా. మధ్యదే మిగులుతుంది."

"ఎంతసేపు?"

"ఒక్కోసారి రాత్రంతా. దిగి నేరుగా ఆసుపత్రికే."

బాత్‌రూముకి వరస కట్టినవాళ్లు పక్కనుంచి రాసుకుంటూ పోతున్నారు. "లేవండి, పోదాం," అంది ఆమె.

"ఉండు," అని అలాగే కూర్చున్నాడు. తర్వాత తలెత్తకుండా, "నువ్వు నడుం పడిపోయిందంటే నేను..." అని ఆగిపోయాడు.

"మీకెలా తెలుస్తుంది," అంది ఆమె మెల్లగా.

ముందుకి వచ్చాక ఆయన తన సీటులో కూర్చోలేదు. ఆమె సీటు పక్కన నిలబడి బొత్తాలన్నీ నొక్కాడు. వీపు వాలాల్సింది పోయి కాళ్లు లేచాయి. ఇంకోటి నొక్కితే దీపం వెలిగింది. ఎయిర్ హోస్టెస్ నవ్వు ఆపుకుంటూ వచ్చి పరుపులా పరిచిచ్చింది. దుప్పటి మాత్రం ఆయనే కప్పాడు.

"సినిమా చూద్దామనుకున్నానండీ."

"సినిమా ఎక్కడికీ పోదు. ముందు నడుం వాల్చు."

దిగేదాకా ఆమెకి మెలకువ రాలేదు.

ఆ చలి ఊళ్లో ఉన్నన్నాళ్లూ వాన. కొండలు మబ్బుల చాటునే ఉండిపోయాయి. ఒకే గొడుగు కింద ఇద్దరూ బజార్లు తిరిగారు, వేడివేడి సూపులు తాగారు, మధ్యాహ్నాలు కూడా నిద్రపోయారు. హోటల్ హాల్లో సోఫా ఒకటి గుంటపడి ఉంటే, రోజూ దాన్ని చూసి మేస్త్రి ప్రాణం గిజగిజలాడింది. సామాను దొరికుంటే బాగుచేసే వచ్చేవాడు.

ఇంటికొచ్చిన వారంలోనే ఆమెకి మళ్లీ ఫోన్ వచ్చింది. తెల్లవారుజామున పెట్టె తీసుకుని గుమ్మం దిగేసరికి మేస్త్రి చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయట ట్యాక్సీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమెని సాగనంపడానికి మునుపెన్నడూ విమానాశ్రయం దాకా వచ్చిన మనిషి కాదు. దారిపొడుగునా పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మళ్లీ అన్ని పాయింట్లు కూడాలంటే ఎన్నాళ్లు పడుతుంది?" అన్నాడు దిగబోయే ముందు.

"బాగా తిరిగితే నాలుగేళ్లు పట్టొచ్చు. ఏం, మనసు పడ్డారా?"

"పదేళ్లు పట్టనీ," అన్నాడు మేస్త్రి పెట్టె అందిస్తూ. "మరీ అంత తిరక్కు."