హర్రాజు పాడిన గోబిగడ్డ

ఏం చూసినా, ఏం విన్నా, ఏం తిన్నా "గంతేనా?" అనేది మా పెద్దమ్మ. పాస్టరయ్య గంటసేపు ప్రసంగం చేసి దిగినా అదే మాట.

ఆ ఏడు బోధన్‌లో వాళ్ళింటి వెనక గోబిగడ్డ, అదే క్యాబేజీ, విరగకాసింది. పొద్దున పెసరపప్పుతో కూర, మాపటికి పచ్చడి, ఎవరొచ్చినా పకోడీలు. వాడకట్టంతా పంచి, మేకలకు వేసినా తరగలేదు.

కోత పండుగకు ఎవరి పంటలో మంచిది వాళ్ళు చర్చికి ఇస్తారు. ప్రార్థనయ్యాక వాటిని హర్రాజు పాడతారు. పెద్దమ్మ అన్నిట్లోకి పెద్ద గడ్డను ఇచ్చింది. హర్రాజులో మా బాపు దానికి పాట పెడితే, ఆమె పోటీపడి పాడి, తన గడ్డను తనే కొనుక్కుంది.

"ఇంట్ల గిన్ని ఉండంగ గదెందుకు కొన్నవ్ పెద్దమ్మా?" అని అడిగాను.

"గవి నేను పండించినయి. గిది దేవుడిచ్చింది," అంది.

దాన్ని వేరే గిన్నెలో వండింది. అదే పెసరపప్పు, అదే ఎల్లిపాయ కారం. మొదట నాకే పెట్టి, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.

"ఎట్లుంది?"

"నిన్నటి లెక్కనే ఉంది."

తనూ ఒక ముద్ద పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది. "గంతేనా?" అంటుందని చూశాను. అనలేదు. ఆమెకేం రుచి తగిలిందో నాకు నేటికీ అంతుపట్టలేదు.

వద్దన్నా మారు వడ్డించే మనిషి, గిన్నెను తన వైపుకు జరుపుకుంది.

"గట్లయితే నీకు నిన్నటి కూరనే ఏస్త తియ్యి," అంది.