ఎక్స్‌రే గదిలో మిరపకాయలు

గౌరిది ఉడుంపట్టని ఖరగ్‌పూర్ బజారులో అందరూ అంటారు. అంటే అననీండి! ఆ పట్టే లేకపోతే, మామగారు మల్లికార్జునరావు కొట్లో ఎండుమిరపకాయలు తూస్తూ కూర్చున్న ఇద్దరు పిల్లల తల్లి, ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సులో చేరుతుందా?

"మిరపకాయలమ్ముకునేవోళ్ళకి ఎక్స్‌రేలేటమ్మా?" అన్నాడు మామగారు. ఆయనకు కోపం ముక్కుమీదే ఉంటుంది. "ఠీక్ హై, కోర్సులో సేరు. తప్పినావంటే మళ్ళీ ఈ కొట్టే."

పోయినేడు తప్పనే తప్పింది. పాఠాలన్నీ వచ్చు. తీరా ప్రాక్టికల్ పరీక్షలో, మీట నొక్కే క్షణానికి రోగి ఊపిరి వదిలేశాడు. ఛాతీ బొమ్మ మసకబారిపోయింది. ఇంటికొచ్చి ఎంత ఏడ్చిందో! "ఇంకొక్కసారి రాయి. అంతే," అన్నాడు మామగారు.

ఈ ఏడూ అదే ఛాతీ బొమ్మ పడింది. రోగిని మళ్ళీ మళ్ళీ కిరణాల ముందు నిలబెట్టకూడదు కాబట్టి, ఒక్కసారికే స్పష్టంగా రావాలి. ఎదురుగా బెంగాలీ పరీక్షకుడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దగ్గుతో వచ్చిన ముసలావిడ న్యూ సెటిల్‌మెంట్ పేటలో ఉండే తెలుగావిడ, దేవమణి మామ్మ. మామూలుగా ఆవిడకు బెంగాలీ, హిందీ గడగడా వస్తాయి. భయం వేసిందా, అన్నీ ఎగిరిపోయి తెలుగొక్కటే మిగులుతుంది.

హమ్మయ్య, మన మనిషే అనుకుంది గౌరి. క్లాసులో నేర్పిన "సాన్స్ రోకో"ని ఉన్నపళంగా తెలుగు చేసేసింది. "మామ్మా, ఊపిరి ఆపెయ్!"

అంతే! మామ్మ చెంగు దోపుకుని ఎక్స్‌రే పలక ముందునుంచి ఇవతలికి వచ్చేసింది. "ఏటే, ఊపిరి ఆపీయాలా? నానింకా మనవరాలి పెళ్ళి సూడాలి! ఆ పాడుమాట నీ నోటంట ఎలాగొచ్చినాదే?"

గౌరి నాలిక్కరుచుకుంది. పరీక్షకుడు వాచీ చూసుకుంటున్నాడు. ఆమెకు మామగారి కొట్టూ, ఆ తక్కెడా కళ్ళముందు ఆడాయి. చటుక్కున ఆ కొట్టులోంచే మాట దొరికింది.

"తప్పయిపోనాది మామ్మా. నీ వంటింట్లో మూకుట్లో మిరపకాయలు మాడిపోతన్నాయనుకో. ఏటి సేస్తావు?"

"ఏటి సేస్తాను? బయటే గుండెల్నిండా గాలి పీల్సి, బిగబట్టి, లోనికెళ్ళి మూకుడు దించీస్తాను."

"అద్గదీ! ఇప్పుడూ అలాగే సెయ్యి." గౌరి ఆవిణ్ణి పలకకు ఆనించి నిలబెట్టి, గడ్డం పైకెత్తి, అద్దం వెనక్కి వెళ్ళి కేకేసింది. "మామ్మా, మిరపకాయలు మాడిపోతన్నాయి!"

మామ్మ గట్టిగా గాలి పీల్చి రాయిలా నిలబడింది. గౌరి మీట నొక్కింది.

"మూకుడు దిగిపోనాది! ఊపిరి వదిలీ!"

తెరమీద ఒక్కో పక్కటెముకా విడివిడిగా కనబడుతోంది. ఏం చెప్పావని పరీక్షకుడు అడిగాడు. గౌరి బెంగాలీలో చెప్పేసరికి ఆయన పకపకా నవ్వి, "పాస్, దీదీ," అన్నాడు. ఎంత చల్లని మాట!

సాయంత్రం కొట్లో ఆ సంగతంతా మామగారు మూతి బిగించి విన్నాడు. విన్నాక గౌరి చేతిలోని తక్కెడ లాక్కున్నాడు.

"రేపట్నుంచి నువ్వు కొట్లోకి రాకు."

గౌరి తక్కెడకేసి, ఆయనకేసి మార్చి మార్చి చూసింది.

"అలా సూస్తావేటమ్మా? ఆసుపత్రికెళ్ళు. ఈ మిరపకాయలు నాను తూసుకుంటాను."