కొత్తది అమ్మని అల్లుడు

మా అల్లుడు లాప్‌టాప్‌లు అమ్మే దుకాణంలో పని చేస్తాడు. అతని జబ్బల్లా ఒక్కటే. అమ్మడు.

డబ్బు చేత్తో పట్టుకుని వచ్చినవాణ్ణి కూడా ముందు "పాతది ఏమైంది?" అని అడుగుతాడు. నెమ్మదించింది అన్నారా, మొహం వెలిగిపోతుంది. దాన్ని తెప్పించి, ఆన్ చేసి, రోగి గుండె విన్నట్టు చెవి ఆనించి వింటాడు.

"లోపల తిరిగే డిస్కు ఆయాసపడుతోందండీ. దాన్ని తీసేసి ఎస్ఎస్‌డి పెడదాం. ర్యామ్ కాస్త పెంచుదాం. పరిగెడుతుంది."

"కొత్తది కొందామని వచ్చానండీ."

"కొనొచ్చు లెండి. అవెక్కడికి పోతాయి?"

ఒకసారి బట్టలు కుట్టే ఆవిడ వస్తే కొత్తదాన్ని డబ్బాలోంచి తీసి కౌంటరు మీద పెట్టాడట. అంతలో ఆవిడ సంచిలోంచి పాతది తొంగిచూసింది. అంతే, కొత్తది మళ్ళీ డబ్బాలోకి వెళ్ళి పడుకుంది.

ఇంట్లోనూ ఇదే వరస. ఊగే ఫ్యానుకి మరలు బిగిస్తాడు, తెగిన చెప్పుకి కుట్టు వేస్తాడు, విరిగిన గొడుగుకి కొత్త ఊచ దూరుస్తాడు. మా ఇంట్లో ఏ వస్తువుకీ సహజ మరణం లేదు. మొన్న నాకు దగ్గు పట్టుకుంటే గుమ్మంలో నిలబడి చెవి రిక్కించి విన్నాడు.

"నాలో మార్చేవేం లేవు నాయనా, నీ పనికి నువ్వు పో" అన్నాను.

అన్నాళ్ళూ ఓపిక పట్టిన ఓనరు చివరికి చెప్పేశాడు. శనివారం సాయంత్రం లోపల ఒక్క కొత్త లాప్‌టాప్ అయినా అమ్మకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదన్నాడు. మా అమ్మాయి ఇంట్లో కూర్చుని దుకాణాల లెక్కలు రాస్తుంది. ఆ వచ్చేది ఇంటి అద్దెకే సరి. ఆమె మొగుడి మీద విరుచుకుపడింది.

"ఒక్కటి అమ్మితే మీ సొమ్మేం పోయింది?"

"నాదేం పోదు. కొన్నవాళ్ళది పోతుంది."

"ఉద్యోగం పోయాక ఆ కొన్నవాళ్ళు వచ్చి అన్నం పెడతారా?"

అతను గోడ గడియారం విప్పడం మొదలుపెట్టాడు. అది బాగానే నడుస్తోంది.

ఇక లాభం లేదనుకుని నేనే నడుం కట్టాను. అమ్మాయి లాప్‌టాప్ ఎలాగూ ముసలిదే. అది తెరుచుకునేలోగా గిన్నెలు తోమి రావచ్చు. కొత్తది నేను కొంటే అమ్మాయి పనీ సాగుతుంది, అల్లుడి ఉద్యోగమూ నిలుస్తుంది. పళ్ళ సెట్టు కట్టించుకుందామని దాచుకున్న డబ్బు ఉంది. పళ్ళ సంగతి ఇంట్లో ఎవరితోనూ అనలేదు. నా నోటికి భయపడేవాళ్ళకి అందులో ఏమీ మిగల్లేదని తెలియడం నాకు నామోషీ.

శనివారం పొద్దున పాతదాన్ని సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్ళాను. ఓనరు నన్నెప్పుడూ చూడలేదు. తెలియనట్టు ఉండమని అల్లుడికి కళ్ళతోనే చెప్పాను.

"ఏం కావాలమ్మా?" అన్నాడు బుద్ధిగా.

"కొత్త లాప్‌టాప్. ఇప్పుడే."

"పాతది ఏమైంది?"

"చచ్చింది."

"చావలేదండీ. నిన్న సాయంత్రమేగా చూశాను."

ఓనరు తలెత్తాడు.

"నువ్వెక్కడ చూశావయ్యా? నువ్వెవరో నాకు తెలియదే" అన్నాను పళ్ళు కొరుకుతూ, ఉన్నంతలో.

అతను నా చేతిలో సంచి తీసుకున్నాడు. లాప్‌టాప్ బోర్లించి మరలు విప్పాడు. అందులో ఉన్నవన్నీ రాత్రే కొత్త డిస్కులోకి కాపీ చేసి ఉంచాడట. పాత డిస్కు ఊడదీసి, అరచేతిలో ఇమిడే పల్చటి ఎస్ఎస్‌డి డబ్బా ఒకటి దాని చోట పెట్టాడు. పక్కన వేలెడు పచ్చ ముక్క, అదే ర్యామ్, నొక్కాడు. మూత బిగించి మీట నొక్కితే, నేను స్టూలు మీద కూర్చునేలోపల తెరుచుకుంది. దిక్కుమాలినది, ఇవాళే లేచి కూర్చోవాలా దానికి?

"ఎవరయ్యా ఈ పెద్దావిడ?" అన్నాడు ఓనరు.

"మా అత్తగారండీ."

"అత్తగారికి కూడా అమ్మలేవా నువ్వు?"

"ఎలా అమ్మనండీ? అది ఆవిడ పళ్ళ సెట్టు డబ్బు."

నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. "నీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదు అత్తయ్యా. మీరు రొట్టె పాలల్లో నానబెట్టుకుని తింటున్నారు, చాటుగా నోట్లు దాస్తున్నారు. మీరు అనలేదని నేనూ అనలేదు."

ఆపిల్ ముక్కలు కాగితంలా తరుగుతున్నావేమిటని మూడు వారాలుగా ఇతన్ని తిడుతున్నాను. కత్తి పదును చూస్తున్నానని చెప్పేవాడు.

ఇంతలో ఇళ్ళు కట్టించే కంట్రాక్టరు ఒకాయన వచ్చి పర్సు కౌంటరు మీదకి విసిరాడు. ఆఫీసుకి కొత్తవి కావాలన్నాడు. అల్లుడు ఇంటి బొమ్మలు గీసే పనా, లెక్కల పనా అని అడిగి, టకటకా చూపించి, బిల్లు రాసేశాడు. పాతవి ఏమయ్యాయని అడగనే లేదు. నేను నోరు తెరుచుకుని చూశాను.

"ఇతనికి అమ్మావేం?" అన్నాను ఆయన వెళ్ళాక.

"పర్సు విసిరాడుగా. మీరు సంచి గుండెకి హత్తుకుని వచ్చారు. ఈ వీధికి అందరూ అలాగే వస్తారు అత్తయ్యా, నేనేం చెయ్యను?"

ఓనరు బిల్లు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సోమవారం పెందలాడే రా" అని ఫోను తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పళ్ళు కట్టించుకున్నాను. ఇంటికి రాగానే అల్లుణ్ణి పిలిచి, అందరి ముందు నా పళ్ళ గుట్టు బయటపెట్టినందుకు గుక్క తిప్పుకోకుండా తిట్టాను. చేతులు కట్టుకుని మొత్తం విన్నాడు.

"స్పీడు పెరిగింది అత్తయ్యా" అన్నాడు.