తాళకంలో కలిపిన సున్నం

మిత్రులారా, మొన్నటి కార్తీకంలో మా నాన్నగారు నిక్షేపంగా జీవించి ఉండగానే మా ఊరివారంతా ఆయన కోసం కన్నీరు పెట్టారు. దానికి కారణం నా వీపుమీది మొటిమలు. ఇప్పుడే నవ్వకండి. ఆద్యంతం విన్నాక నవ్వుదురుగాని.

మా కరణంగారి లోగిలిలో కార్తీకం పొడుగునా పురాణం చెప్పే గౌరవం పన్నెండేళ్ళ నిరీక్షణానంతరం నాకు లభించింది. అన్నాళ్ళూ ఆ పీఠం పక్కవీధి శాస్త్రిగారిది. వ్యాసపీఠం ముందు కూర్చునేటప్పుడు ఒంటిమీద ఉత్తరీయం తప్ప మరేమీ ఉండరాదు కదా! నా వక్షస్థలమూ, మూపులూ, వీపూ ముప్పైయెనిమిదో ఏట కూడా పదహారేళ్ళ ప్రాయాన్ని విడవని మొటిమలతో నిండి ఉన్నాయి. శ్రోతలు కథ వింటారా, వాటిని లెక్కపెడతారా అని నాకు ఒకటే దిగులు.

మొగల్తూరులో ఉన్న మా నాన్నగారికి జాబు వ్రాశాను. ఔషధం వలన రోమములకు హాని కలుగదు కదా అని కూడా అడిగాను. ఎందుకంటే నా ఎదమీది రోమరాజీ, మూతిమీది మీసమూ, పాండిత్యం తరువాత నాకున్న ఆభరణాలు ఆ రెండే. ఆయన అక్కడి వైద్యులవారిచేత పసుపుపచ్చని పొడి ఒకటి పొట్లం కట్టించి పడవమీద పంపారు. అది శుద్ధి చేసిన తాళకమట. విషద్రవ్యం కనుక మజ్జిగలో రంగరించి మిక్కిలి పల్చగా పూయాలనీ, అలా పూస్తే వెంట్రుకకు భయం లేదనీ జాబులో ఉంది. పురాణారంభానికి తానూ వస్తున్నట్టు చివర వ్రాశారు.

పాడ్యమినాడు ఉదయం పొట్లం విప్పాను. ఇంట్లో మజ్జిగ లేదు. ఇల్లాలు పుట్టింట ఉంది. అప్పుడు నా బుద్ధి వికసించింది. సెగగడ్డకు పసుపూ సున్నమూ పట్టువేయడం ఎవరెరుగరు? ఇదీ పసుపుపచ్చనిదే. తాంబూలపు పళ్ళెంలోని సున్నం పుష్కలంగా కలిపాను. పసుపైతే ఎర్రబడాలి. ఇది ఎర్రబడలేదు. అయితే ఇది ఉత్తమజాతి అనుకున్నాను. మురుగుకాలవ వంటి దుర్గంధం పుట్టింది. కంపు హెచ్చినకొద్దీ గుణమూ హెచ్చని సమాధానపడి, ఎదనిండా పూసుకుని, వీపుకు కొబ్బరిపుల్లల చీపురుతో అందినంతమేర పులిమాను.

అది ఆరేలోగా సాయంకాలానికి ప్రార్థనపద్యం కూర్చుకుంటున్నాను. మూడు పాదాలు అలవోకగా వచ్చాయి. నాలుగోది మొరాయించింది. పాదం మొరాయిస్తే మీసం మెలివేయడం నాకు అలవాటు. వ్రేళ్ళకు లేపనం ఉందన్న స్మృతి లేదు. పాదం కుదిరింది. ఒళ్ళు మండడంతో నూతి దగ్గరకు పరుగెత్తి కడుక్కున్నాను.

మొటిమలన్నీ యథాస్థానంలోనే ఉన్నాయి. ఎదమీద రోమమొక్కటి లేదు. కుడి మీసం నీళ్ళతోపాటు పాదులోకి పోయింది.

ఒంటి మీసంతో పీఠమెక్కలేను కదా! క్షురకుడు అప్పన్నను పిలిపించి ఎడమది కూడా తీయించాను. అతడు నున్నని మూతి చూశాడు, నున్నని ఎద చూశాడు, తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. ఏమీ అడగవద్దనీ, ఎవరితోనూ అనవద్దనీ చెప్పాను.

“నేనెందుకంటానండీ,” అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు.

తండ్రి పోయినప్పుడు కొడుకు మీసంతో సహా చేయించుకునే వపనంలో శిఖనూ చంకలనూ ముట్టరాదని శాస్త్రం. నా లేపనం సరిగ్గా వాటినే మినహాయించి శాస్త్రాన్ని తు.చ. తప్పకుండా పాటించిందన్న సంగతి నాకు సాయంకాలం కరణంగారి గుమ్మంలో గాని తట్టలేదు. లోపల జనమంతా లేచి నిలబడ్డారు. ఆడవారు కొంగులు కళ్ళకద్దుకున్నారు.

కరణంగారు నా చేయి పట్టుకున్నారు. “పెద్దాయన మహానుభావుడండి. మాకు కబురైనా చేయలేదు. శుద్ధి కాకుండా పుస్తకం ముట్టకూడదని తమకు నేను చెప్పాలా అండి?”

మా నాన్నగారు ఆరోగ్యంగా ఉన్నారని మనవి చేశాను.

“దుఃఖంలో అలాగే అనిపిస్తుందండి,” అన్నారాయన ఓదార్పుగా. వెంటనే శాస్త్రిగారి కోసం మనిషిని పంపారు.

పన్నెండేళ్ళ తపస్సు నా కళ్ళముందే పక్కవీధికి నడిచిపోతున్నది. సత్యం చెప్పక తప్పదు. మొటిమలని సభలో అనడానికి నోరు రాక, యౌవనపిడకోపశమనార్థమై ప్రయుక్తమైన లేపనవిశేషంచేత రోమపతనం సంప్రాప్తమైనదని గంభీరంగా విన్నవించాను. ఇద్దరు ముసలమ్మలు దాన్ని చరమశ్లోకమనుకుని మరింత బిగ్గరగా ఏడ్చారు.

అంతలో గుమ్మంలో గొడుగు ముడిచిన చప్పుడైంది. పడవ ఆలస్యమైందని చెబుతూ మా నాన్నగారు లోపలికి వచ్చారు. ఏడుపు టక్కున ఆగిపోయింది. కరణంగారు రెండడుగులు వెనక్కి వేశారు. నాన్నగారు నన్ను ఆపాదమస్తకం చూసి, గాలి ఒకసారి పీల్చారు.

“మొటిమలకు పంపిన తాళకం మజ్జిగలోనే రంగరించావట్రా?”

“సున్నంలో నాన్నగారూ.”

ఆ సభలో నేను పలికిన మాటల్లో అందరికీ అర్థమైనవి ఆ రెండే. వెనకనుంచి అప్పన్న నిట్టూర్చాడు. “తాళకంలో సున్నం కలిపితే ఇక నా కత్తెందుకండీ! ఆ ముక్క పొద్దున్నే సెలవిస్తే ఇంతమంది ఏడుద్దురా?”

నవ్వు చల్లారేసరికి శాస్త్రిగారు వచ్చారు. పుస్తకం ఆయన కంటే ముందే నా ముందుకు చేరింది. అయితే కరణంగారు ఒక నియమం పెట్టారు. రోజూ కొత్త శ్రోతలు వస్తారు కనుక, నా శుచికి ప్రత్యక్ష ప్రమాణంగా నాన్నగారు ముందు వరుసలో కూర్చోవాలి. ముప్పై రోజులూ కూర్చున్నారు. వచ్చినవారు ముందు ఆయనకేసి చూసేవారు. ఆయన ఒకసారి దగ్గితే స్థిమితపడి కథ వినేవారు.

మాసాంతానికి వైద్యులవారి మాట నిలబెడుతూ మీసం మళ్ళీ మొలిచింది. తప్పు తాళకానిది కాదు, నాది. ఆ మందు మళ్ళీ ముట్టే ధైర్యం లేక మొటిమల జోలికి పోలేదు. అవీ నన్ను విడిచి పోలేదు.

సమాప్తినాడు కరణంగారు పట్టుశాలువా తెప్పించారు. నేను వినయంగా తల వంచాను. ఆయన నన్ను దాటుకుని వెళ్ళి, నెలరోజులూ శ్రద్ధగా జీవించి ఉన్నందుకు దాన్ని మా నాన్నగారికి కప్పారు. కప్పుకోవలసిన వీపు మాత్రం నాది.