ఏడు కుప్పల ఫొటో

ఉపగ్రహం తీసిన ఫొటోలు చదవడం నా ఉద్యోగం. చూడడం అనం మేము, చదవడం అంటాం. బీరంగూడలో కిరాయి ఇంట్లో ఉంటూ రోజూ సిటీలో ఆఫీసుకు వెళ్లి, ఏ చెరువు పూడింది, ఏ వాగులో ఫ్యాక్టరీ నీళ్లు కలిశాయి అని గుర్తుపట్టి మ్యాపు మీద గీసేవాడిని. ఆ పనిలో నాకు కొంచెం పొగరుండేది. కొంచెమేమిటి, బాగానే ఉండేది. అది మా అక్క గాజుల మీదికి వచ్చింది.

రెండు వేలు దాటిన తొలి ఏళ్ల మాట. మా బావ గల్ఫ్ వైపు ఒక దేశంలో, కొండను తొలిచి కట్టిన గోదాములో పనికి వెళ్లాడు. అంతకు ముందు జోగిపేట చుట్టుపక్కల బావులు తవ్వేవాడు. తూటాలు పెట్టి బండ పేల్చడం ఆయన వంతు, ఆ రాళ్లు తట్టలకెత్తుకుని పైకి మోయడం అక్క వంతు. బోర్లు వచ్చాక బావులు తవ్వించేవాళ్లు లేక ఇద్దరూ చిట్కుల్ చేరి ఫ్యాక్టరీ పనుల్లో పడ్డారు. బావ అక్కడి నుంచే వీసా తెచ్చుకున్నాడు.

ఆయన వెళ్లిన ఏడాదికి అక్కడ యుద్ధం మొదలైంది. విమానాలు వస్తే కూలీల క్యాంపులో ఉన్నవాళ్లమంతా ఆ గోదాములోకే ఉరుకుతామని ఆఖరి ఫోన్‌లో చెప్పాడు. తరువాత వారానికి సరిగ్గా ఆ గోదాము మీదే బాంబులు పడ్డాయని పేపర్లో వచ్చింది. ఇరవై రోజులు గడిచినా బావ ఫోన్ లేదు. అదే క్యాంపులో ఉన్న పక్క ఊరి మనిషి పోయాడని మాత్రం కబురు అందింది.

బావ వాళ్ల అన్న ఊరి నుంచి దిగి అక్క ఇంట్లో కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు, కానీ తేలనిదాన్ని భరించలేని మనిషి. నువ్వు సదువుకున్నోనివి, నీ పనే ఇది, ఉన్నడో లేడో ఒక్క మాట చెప్పు, చేయాల్సినవి చేసేస్తం అని నన్నడిగాడు. నాకు కోపం రావాల్సింది. కానీ నా విద్యకు విలువిచ్చాడని లోపల ఎక్కడో పొంగిపోయాను. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

దాడికి ముందు ఒకటి, తరువాత ఒకటి, ఆ చోటి ఫొటోలు ఇంటర్నెట్‌లో దొరికాయి. బావ ఒక ఉత్తరంలో గీసి పంపిన నీళ్ల ట్యాంకు, కొడవలిలా వంగిన దారి రెండింటిలోనూ ఉన్నాయి. భూమి లోపలున్నదాన్ని ఏ ఉపగ్రహమూ చూడలేదు. బాంబు దిగిన చోట పైన చిన్న బొక్కే కనిపిస్తుంది. కింద అంతా కూలిందో, గోడ కూడా చెదరలేదో అది చెప్పదు. నేల కుంగిందా, దారి మూసుకుపోయిందా, పాత ఫొటోలో లేనిది కొత్తదాంట్లో ఏముంది అని చుట్టుపక్కల వెతకాలి. నేను వెతికాను. గోదాము నోటి ముందు, పాత ఫొటోలో చదునుగా ఉన్న నేల మీద, వరుసగా ఏడు గుంతలు కనిపించాయి.

సాయంత్రం ఆ ఫొటో అచ్చు తీసిన కాగితం పట్టుకుని చిట్కుల్ వెళ్లాను. మంచం మీద నేను, నా పక్కన బావ వాళ్ల అన్న, ఎదురుగా కింద అక్క. మధ్యలో పీట మీద ఫొటో పెట్టి, బాంబులు వరుసగా పడ్డాయని, నోటి దగ్గరే పడ్డాయి కాబట్టి లోపలివాళ్లకు బయటికి దారి ఉండదని చెప్పాను. ఆఫీసులో చెప్పినట్టే చెప్పాను.

అక్క ఏడవలేదు. ముందుకు వంగి చాలాసేపు చూసింది.

"గివి గుంతలు గావు తమ్మీ, కుప్పలు" అంది.

"నువ్వు తలకిందులుగా చూస్తున్నవక్కా. ఇది చూసే తీరు వేరే ఉంటది" అన్నాను.

రేపు పొద్దున పది గంటలకు గాజులు తీయిద్దామని బావ వాళ్ల అన్న తేల్చేశాడు. నేను అడ్డు చెప్పలేదు.

తెల్లారి బీరంగూడలో మా ఇంట్లో చాయ్ తాగుతూ కిటికీ పక్కన నిలబడ్డాను. వెంట తెచ్చుకున్న ఫొటో బల్ల మీద ఉంది, నేను బల్లకు అవతలి వైపున్నాను. ఏడు కుప్పలు నేల మీదికి లేచి కనిపించాయి. చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టానో కూడా తెలియదు.

మా పనిలో మొదటి రోజు నేర్పే పాఠం అది. మన వైపు దేశాల్లో ఎండ దక్షిణం నుంచి పడుతుంది. ఉత్తరం పైకి పెట్టి అచ్చు వేస్తే నీడలు మన నుంచి అవతలికి పడతాయి. వెలుగు పైనుంచే పడుతుందనుకునే కన్ను అప్పుడు దిబ్బను గుంత అంటుంది. అందుకే ముందు కాగితాన్ని తిప్పి, నీడను మన వైపుకు తెచ్చుకుని చూడాలి. చెరువులకైతే మరిచిపోయేవాణ్ణి కాదు. మా ఇంటి మనిషి విషయంలో మరిచిపోయాను.

నేనెక్కిన సెవెన్ సీటర్ ఆటో పటాన్‌చెరులో లారీల వెనక ఇరుక్కుంది. జల్దీ పోనియ్యమని బతిమాలాను. ఎటు పోవాలె సారూ, మీదికెళ్లా అన్నాడు డ్రైవరు. నా కళ్లు గడియారం మీదే ఉన్నాయి. ఇస్నాపూర్ దగ్గర దిగి, మిగతా దూరం దొరికిన స్కూటర్ ఎక్కి వెళ్లేసరికి వాకిట్లో ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. అక్కను పీట మీద కూర్చోబెట్టి నెత్తిన పసుపు నీళ్లు పోశారు. ఒక ముసలామె ఆమె చేయి పట్టుకుని ఉంది. గాజులు ఇంకా చేతికే ఉన్నాయి.

"ఆగండి. తప్పు నాది" అన్నాను. ఫొటోను తిప్పి నేల మీద పరిచి, ఇవి కుప్పలని, బాంబులు పడ్డాక ఎవరో నోటి దగ్గర మట్టి తీసి పోశారని చెప్పాను. బావ వాళ్ల అన్న, తీసింది ఎవరో ఎట్ల తెలుస్తదని అడిగాడు.

అక్క తడి వేలు కాగితం మీద పెట్టింది.

"మా ఆయిన పోసిన కుప్పలు. నేను కడుపుతోని ఉన్నప్పుడు తట్టతోని కిందవడ్డ. గప్పటిసంది కుప్పకూ కుప్పకూ నడుమ దారి ఇడుస్తడు. సూడుండ్రి, ఉన్నదా లేదా?"

ఉంది. ఏడు కుప్పల మధ్య ఆరు సన్నని గీతలు. మిషన్‌తో పోస్తే మట్టి అలా పడదు. ముసలామె అక్క చేయి వదిలేసింది.

అక్కడ లైన్లు తెగిపోయి, బావ ఫోన్ రావడానికి ఇంకా తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ నేను అన్నం సరిగా తినలేదు. అక్క మాత్రం డ్యూటీకి పోయింది.

బావ ఇంటికి వచ్చాక ఒక ఆదివారం ఆ ఫొటో చూపించాను. దాడి రోజు తను బయట నీళ్ల ట్యాంకు దగ్గర ఉన్నాడట. తరువాత మిగిలినవాళ్లతో కలిసి నాలుగు రోజులు తట్టలతో నోరు తవ్వాడట. కుప్పలను వేలితో ఒక్కొక్కటే తాకుతూ పోయి చివరిదాని దగ్గర ఆగాడు.

అంత తొందరలో కూడా మధ్యలో దారి ఎందుకు వదిలావని అడిగాను. రాళ్లు మోసేవాళ్ల కోసం అంటాడనుకున్నాను.

"మనుషులను మోసుకొస్తుంటే కాళ్లకు తగలద్దని" అన్నాడు.

అక్క చాయ్ తెచ్చి మా మధ్యలో పెట్టింది. ఫొటో ఆయన వైపుకు తిరిగి ఉంది. నేను దాన్ని నా వైపుకు తిప్పుకోలేదు.