కాలవ మీద నేను గీసిన దారి

శనివారం ఉదయం ఆరు ముప్పావుకి తునిలో పాసింజరు ఎక్కాను. చేతిసంచిలో గొడుగు, నీళ్ల సీసా. 

ఎందుకు బయల్దేరానో ముందే చెప్పేస్తాను. నాది బట్టల కొట్టు. మధ్యాహ్నాలు బేరాలుండవు. ఆ వేళ కంప్యూటర్ ముందు కూర్చుని, ఉపగ్రహం తీసిన ఫొటోలు చూస్తూ, ఎవరైనా దిద్దగలిగే ఉమ్మడి మ్యాపులో దారులు గీస్తుంటాను. జీతం లేదు, అడిగేవాడూ లేడు. కాకినాడ ఆటోల కోసం ఎవరో చేసిన దారి చూపే యాప్ ఈ మ్యాపునే వాడుతోందని తెలిసిననాడు మా వీధంతా చెప్పుకుని మురిసిపోయాను.

శుక్రవారం మ్యాపు తెరిస్తే, మండపేట అవతల నేను గీసిన దారి మీద ఎవరో రాసిపెట్టారు. "ఇక్కడ దారి లేదు. దీన్ని నమ్మి ఆటో కాలవలో పడింది. గీసిన మహానుభావుడు ఒకసారి వచ్చి చూడాలి." కింద, సూరిబాబు, వంతెన దగ్గర పంక్చర్ల కొట్టు అని ఉంది.  మనుషులు ఉన్నారో పోయారో రాయలేదు! రాత్రి ముద్ద దిగితే ఒట్టు.

అన్నవరంలో ఎక్కిన పెద్దాయన నా ఫోన్లో మ్యాపు చూసి మాట కలిపాడు. "ఇప్పుడు ఎవర్నీ దారి అడగక్కర్లేదండి. ఫోన్లో ఉందంటే ఉన్నట్టేనండి." తలూపాను. ఇంకేం చెయ్యను?

తొమ్మిదింటికి ద్వారపూడి. స్టేషన్ బయట మండపేట ఆటోలుంటాయి, నిండితేగాని కదలవు. మండపేటలో నాలుగు ఇడ్లీలు తిన్నాను, రుచి తెలియలేదు. ధాన్యం లారీలను తప్పించుకుంటూ ఇంకో ఆటోలో పదిన్నరకి వంతెన దగ్గర దిగాను.

సూరిబాబు ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు. "ఆ దారి గీసింది నేనేనండి" అన్నాను. ఎగాదిగా చూశాడు. "నిజంగానే వచ్చేశారేంటండి! తిడదామని రాశానంతే."

"ముందు మనుషులకేమైందో చెప్పండి బాబూ."

"బతికే ఉన్నారండి. పదండి, చూపిస్తాను."

బండి మీద గట్టు వెంట తీసుకెళ్లాడు. ఒకచోట గట్టు వాలుగా అరిగి, చక్రాల జాడలు కిందికి దిగుతున్నాయి. దిగువన పచ్చగా, చదునుగా ఉంది. ఎదటి గట్టు మీద మళ్లీ జాడలు. నేను గీసిన దారి అచ్చం అదే. సూరిబాబు ఒక వెదురు బొంగు తీసుకుని ఆ పచ్చదనంలో గుచ్చాడు. నిలువెత్తు బొంగు మునిగిపోయింది. అంతా నీటి మీద పేరుకున్న గుర్రపుడెక్క! కింద నిండుకాలవ!

"అమ్మ బాబోయ్!" అని రెండడుగులు వెనక్కి వేశాను.

ఫోన్లో ఫొటో చూపించాను. అందులో మట్టిదారి గట్టు నుంచి గట్టుకి తిన్నగా ఉంది. "ఇది ఎండాకాలం ఫొటో అండి" అన్నాడు సూరిబాబు. "వేసవిలో కాలవలు కట్టేస్తారు కదండి. అడుగు ఎండిపోతే గడ్డి ట్రాక్టర్లు అడ్డంగా దిగిపోతాయి. వంతెన దాకా తిరగక్కర్లేదని. మళ్లీ నీళ్లొదిలితే దారెక్కడిదండి?"

మాది కాలవలు లేని మెట్ట. ఆ సంగతి నాకేం తెలుసు? రెండు నెలలుండే దారిని ఏడాది పొడుగునా ఉంచేశాను.

అక్కడే గీత చెరిపేశాను. వంతెన దగ్గరికి తిరిగొస్తే చేపల తట్టతో ఒకావిడ కూర్చుని ఉంది. ఎడమచేతికి సిమెంటు కట్టు. "ఈ నూకరత్నమేనండి ఆ ఆటోలో ఉంది" అన్నాడు సూరిబాబు. నేను చేతులు జోడించాను.

"కాకినాడ నుంచి చేపలు తెస్తున్నామండి. తెల్లారగట్ల వానండి" అందావిడ. "ఫోను తిన్నగా పొమ్మంటుందన్నాడు ఆటో తోలే మా ఆయన. పచ్చగా ఉంటే గడ్డనుకున్నామండి. ఇరవయ్యేళ్లు సముద్రం మీద బతికినోడు, ఈ కాలవలో పోబోయాడండి. మీరెప్పుడైనా ఇటొచ్చారా అండి?"

"లేదమ్మా. ఇదే మొదటిసారి."

"చూడకుండానే గీసేశారా!" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. 

సూరిబాబు భోజనం పెట్టి, నా ఫోన్ నంబరు తీసుకుని పంపాడు. దిగుడు దగ్గర అడ్డంగా బొంగు కడతానన్నాడు. మూడున్నరకి ద్వారపూడిలో రైలెక్కాను. అనపర్తి దాటాక, మనసాగక కాకినాడ యాప్ తెరిచాను. దారి అలాగే ఉంది! మ్యాపులో లేదు, యాప్‌లో ఉంది. వాళ్లు ఎప్పుడో తీసిపెట్టుకున్న నకలు అది. మార్చడం వాళ్ల చేతిలో ఉంది. గబగబా వాళ్లకి రాస్తుంటే ఫోన్ మోగింది.

"బొంగు కడుతుంటే వ్యానొకటి వచ్చిందండి" అన్నాడు సూరిబాబు. "బొంగు తియ్యమని గొడవండి. ఇదిగో డ్రైవరుకిస్తున్నాను, మీరే చెప్పండి."

"అయ్యా, అక్కడ దారి లేదు. దిగితే మునిగిపోతారు" అన్నాను.

"ఎవరండి మీరు?" అన్నాడు డ్రైవరు. "యాప్ తిన్నగా పొమ్మంటోంది కదండి."

"దానిచేత అలా చెప్పించింది నేనేనయ్యా!" రైలు పెట్టెలో అందరూ నావైపు తిరిగారు.

"ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నారండి?"

"రైల్లోంచి."

"రైల్లో కూర్చుని ఇక్కడ దారుందో లేదో మీకెలా తెలుస్తుందండి?" అన్నాడతను.

 వ్యాను తిరిగి వెళ్లిన చప్పుడయ్యాక సూరిబాబు ఫోన్ తీసుకున్నాడు. "వెనక్కి పంపేశానులెండి. ఇప్పుడంటే నేనున్నాను. కొట్టు కట్టేశాక ఎవరు చెబుతారండి?"

యాప్ వాళ్లకి రాస్తున్నది పూర్తిచేసి పంపి, సామర్లకోటలో దిగిపోయి, మళ్లీ ద్వారపూడికి టికెట్టు తీసుకున్నాను. యాప్‌లో ఆ దారి పోయేదాకా గట్టు మీదే కూర్చుంటానని ఇంటికి ఫోన్ చేసి చెప్పాను.